బాలమేధావి పెరిగే ఇల్లు: అండ ఎంత, ఒత్తిడి ఎంత?

“మా అబ్బాయికి ఏడేళ్లు. అయిదో తరగతి లెక్కలు ఇట్టే చేసేస్తున్నాడు. ఇప్పుడు మేమేం చేయాలి?” సైన్సు గురించి రాసేవారికి తల్లిదండ్రుల నుంచి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అడిగేవారి గొంతులో సంతోషం ఉంటుంది. దాని వెనకే కాస్త భయమూ ఉంటుంది. ఏమీ చేయకపోతే పిల్లవాడి తెలివి వృథా అవుతుందేమోనని ఒక భయం. ఎక్కువ చేస్తే పిల్లవాడే నలిగిపోతాడేమోనని ఇంకో భయం.

ఈ రెండు భయాల్లోనూ నిజం ఉంది. అసాధారణమైన తెలివితేటలున్న పిల్లల మీద వందేళ్లకు పైగా పరిశోధనలు సాగాయి. ఆ పిల్లల ఎదుగుదలలో ఇంటి పాత్ర ఏమిటో వాటి నుంచి కొంత స్పష్టంగానే తెలిసింది. పరిశోధనల్లోకి వెళ్లేముందు ఇద్దరు పిల్లల కథ చూద్దాం.

ఒకే ప్రాంగణం, ఇద్దరు బాలురు

1909లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు పిల్లలు చేరారు. విలియం జేమ్స్ సైడిస్‌కు 11 ఏళ్లు. అతను డిగ్రీలో చేరాడు. నార్బర్ట్ వీనర్‌కు 14 ఏళ్లు. అప్పటికే టఫ్ట్స్ కాలేజీలో డిగ్రీ ముగించుకుని పైచదువుకు వచ్చాడు. ఇద్దరి తండ్రులూ రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చి, స్వయంకృషితో పైకొచ్చిన పండితులే. బోరిస్ సైడిస్ మనస్తత్వ శాస్త్రవేత్త. లియో వీనర్ హార్వర్డ్‌లోనే స్లావిక్ భాషల ఆచార్యుడు. ఇద్దరూ కొడుకులకు ఇంట్లో తామే పాఠాలు చెప్పారు. సరైన శిక్షణ ఇస్తే ఏ పిల్లవాడైనా ఇలా తయారవుతాడని ఇద్దరూ బహిరంగంగానే అన్నారు.

1910 జనవరిలో సైడిస్ హార్వర్డ్ గణిత సంఘం ముందు నాలుగు పరిమాణాల ఆకృతుల గురించి ప్రసంగించాడు. పత్రికలు హోరెత్తించాయి. 16 ఏళ్లకు డిగ్రీ అందుకున్నాడు. హ్యూస్టన్‌లో కొన్ని నెలలు లెక్కలు బోధించి మానేశాడు. న్యాయశాస్త్రంలో చేరి మధ్యలో వదిలేశాడు. ఆ తర్వాత చిన్నచిన్న గుమాస్తా ఉద్యోగాలు చేసుకుంటూ జనం కంట పడకుండా బతికాడు. తనకు నచ్చిన విషయాల మీద రాసుకుంటూనే ఉన్నాడు. ట్రామ్ టికెట్ల సేకరణ మీద 1926లో ఒక పుస్తకం కూడా వేశాడు. కానీ గణితాన్ని వృత్తిగా చేపట్టలేదు. 1937లో ఒక పత్రిక తన ఏకాంత జీవితాన్ని బయటపెడితే కోర్టుకు వెళ్లి, ఓడిపోయాడు. 1944లో 46 ఏళ్లకే కన్నుమూశాడు.

వీనర్ 18 ఏళ్లకు డాక్టరేట్ పొందాడు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో నాలుగు దశాబ్దాలు పనిచేశాడు. యంత్రాల్లోనూ జీవుల్లోనూ నియంత్రణ, సమాచారం ఎలా పనిచేస్తాయో చెప్పే ‘సైబర్నెటిక్స్’ అనే శాస్త్రానికి 1948లో పునాది వేశాడు. 1955-56లో కోల్‌కతాలోని భారత గణాంక సంస్థకు వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు కూడా.

అయితే వీనర్ కూడా దెబ్బ తగలకుండా బయటపడలేదు. 1953లో రాసిన ‘ఎక్స్ ప్రాడిజీ’ అనే ఆత్మకథలో ఆయన తన చిన్ననాటి పాఠాలను గుర్తుచేసుకున్నాడు. పాఠం ప్రశాంతంగా మొదలయ్యేది. లెక్కలో మొదటి తప్పు దొర్లేదాకానే ఆ ప్రశాంతత. ఆ తర్వాత ప్రేమగా మాట్లాడే నాన్న మాయమై, ఆయన చోట మరో మనిషి వచ్చి కూర్చునేవాడట. ఇంతకంటే లోతైన గాయం ఇంకొకటి. తన కొడుకు మామూలు పిల్లవాడేననీ, ఘనతంతా తన శిక్షణదేననీ తండ్రి పత్రికలకు చెప్పాడు. అది చదివిన కొడుక్కి ఏం అర్థమైంది? గెలిస్తే ఆ గెలుపు నాన్నది, ఓడితే ఆ ఓటమి తనది.

మరి వీనర్ ఎలా నిలదొక్కుకున్నాడు? వీనర్ తండ్రి కఠినుడే అయినా కొన్ని జాగ్రత్తలు తీసుకున్నాడు. కొడుకును తొమ్మిదేళ్లకు ఆయర్ అనే చిన్న ఊళ్లోని హైస్కూల్లో చేర్పించాడు. అక్కడ ఆదరించే ఉపాధ్యాయులు దొరికారు. ఊళ్లో తన ఈడు పిల్లలతో ఆడుకునే వీలూ దొరికింది. డిగ్రీకి నేరుగా హార్వర్డ్‌కు పంపితే పత్రికల తాకిడి తప్పదని, దగ్గరలోని చిన్న కాలేజీలో చేర్పించాడు. సైడిస్‌కు అలాంటి నీడ దొరకలేదు.

రెండు జీవితాలను పక్కపక్కన పెట్టి సూత్రం చెప్పేయడం శాస్త్రం కాదు. ఇద్దరి స్వభావాలు వేరు, పరిస్థితులు వేరు. కానీ ఈ కథ మన ముందు ఒక ప్రశ్న పెడుతుంది. దాదాపు సమానమైన తెలివితో మొదలైన పిల్లలు పెద్దయ్యాక ఎందుకు వేర్వేరు చోట్ల తేలతారు?

పరీక్షకు దొరికినది, దొరకనిది

ఆ ప్రశ్నను పెద్ద ఎత్తున పట్టుకున్నవాడు స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త లూయిస్ టెర్మన్. ప్రజ్ఞాలబ్ధి, అంటే మనం ఐక్యూ అని పిలుచుకునే కొలత, బాగా ఎక్కువగా ఉన్న సుమారు 1,500 మంది పిల్లలను 1921లో కాలిఫోర్నియాలో ఎంపిక చేయడం మొదలుపెట్టాడు. వారిని దశాబ్దాలపాటు గమనించారు. మేధావి పిల్లలంటే బక్కచిక్కి, రోగిష్ఠిగా, పిచ్చివాళ్లలా ఉంటారని అప్పట్లో ఒక నమ్మకం ఉండేది. ఆ అధ్యయనం దాన్ని తుడిచిపెట్టింది. ఎక్కువమంది ఆరోగ్యంగా పెరిగారు, మంచి ఉద్యోగాల్లో స్థిరపడ్డారు.

కానీ అందరూ ఒకే ఎత్తుకు చేరలేదు. టెర్మన్ బృందం ఈ పురుషుల్లో బాగా రాణించిన 150 మందిని, అంతగా రాణించని 150 మందిని తీసుకుని పోల్చింది. చిన్ననాటి ఐక్యూలో రెండు బృందాలకూ పెద్ద తేడా లేదు. తేడా వేరే చోట కనబడింది. రాణించినవారిలో పట్టుదల, ఆత్మవిశ్వాసం, ఒక లక్ష్యం వైపు సాగే అలవాటు ఎక్కువ. వారి తల్లిదండ్రుల్లో చదువుకున్నవారూ ఎక్కువే.

ఈ అధ్యయనం మరో పాఠం కూడా నేర్పింది. టెర్మన్ పరీక్షలో అర్హత మార్కు రాక మిగిలిపోయిన పిల్లల్లో విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్ ఉన్నారు. షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంపికైన పిల్లల్లో ఒక్కరికీ నోబెల్ రాలేదు. ఒక పూట పరీక్ష పిల్లల తెలివిలో కొంత భాగాన్నే చూడగలదు.

తెలివైన పిల్లల విషయంలో ఇంకో సంగతి ఇంట్లోవాళ్లను తికమక పెడుతుంది. ఆ పిల్లల ఎదుగుదల అన్ని వైపులా ఒకే వేగంతో సాగదు. ఏడేళ్ల పిల్ల పన్నెండేళ్ల పిల్లలా ఆలోచించగలదు. అదే పిల్ల పెన్సిల్ విరిగితే నాలుగేళ్ల పిల్లలా ఏడుస్తుంది. “ఇంత తెలివుంది, ఈ మాత్రం తెలియదా?” అని పెద్దలు విసుక్కునేది ఇక్కడే. బుద్ధి ముందుకు పరిగెత్తినా మనసు తన వయసులోనే ఉంటుంది. ఆ పిల్లకు పెద్ద లెక్క ఎంత అవసరమో అమ్మ ఒడి కూడా అంతే అవసరం.

జన్యువులా, ఇల్లా?

“తెలివి పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా?” అని అడిగితే రెండూ అని చెప్పడం తేలిక. కవలల మీద జరిగిన అధ్యయనాలు ఇంతకంటే ఆసక్తికరమైన సమాధానం ఇస్తున్నాయి.

నాలుగు దేశాల్లోని సుమారు 11,000 కవల జంటల సమాచారాన్ని కలిపి 2010లో ఒక విశ్లేషణ ప్రచురించారు. పిల్లల మధ్య తెలివితేటల్లో కనబడే తేడాల్లో జన్యువులతో ముడిపడిన వాటా తొమ్మిదేళ్ల వయసులో 41 శాతం, పన్నెండేళ్లకు 55 శాతం, పదిహేడేళ్లకు 66 శాతం అని అది లెక్కగట్టింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ శాతాలు ఒక బృందంలోని పిల్లల మధ్య తేడాల గురించి చెబుతాయి. మీ పాప తెలివిలో ఇంత వంతు జన్యువులది, ఇంత వంతు ఇంటిది అని వాటి అర్థం కాదు.

వయసు పెరిగే కొద్దీ ఇంటి ప్రభావం పెరగాలి కదా, జన్యువుల వాటా ఎందుకు పెరుగుతోంది? చాలామంది పరిశోధకులు ఇచ్చే వివరణ ఇది. పిల్లలు పెద్దవుతున్న కొద్దీ తమకు నచ్చిన పరిసరాలను తామే వెతుక్కుంటారు. పుస్తకాలంటే ఇష్టమున్న పాప గ్రంథాలయానికి వెళ్తుంది. అక్కడ చదివినకొద్దీ ఇష్టం ఇంకా పెరుగుతుంది. అంటే పుట్టుకతో వచ్చిన మొగ్గు పరిసరాల ద్వారానే పనిచేస్తుంది. ఆ పాపకు అందేంత దూరంలో గ్రంథాలయం లేకపోతే? వెళ్లనివ్వకపోతే?

ఈ సందేహానికి రెండు అధ్యయనాలు కొంతవరకు జవాబిస్తాయి. 2003లో ఎరిక్ టర్క్‌హైమర్ బృందం అమెరికాలో ఏడేళ్ల కవలలను పరిశీలించింది. కలిగిన కుటుంబాల్లో తేడాలు ఎక్కువగా జన్యువులతో ముడిపడి ఉన్నాయి. పేద కుటుంబాల్లో మాత్రం జన్యువుల వాటా దాదాపు కనబడలేదు. తేడాలన్నీ పరిసరాల నుంచే వచ్చాయి. యూరప్, ఆస్ట్రేలియా సమాచారంలో ఇదే తీరు తర్వాత కనబడలేదు. ఆ దేశాల్లో అందరికీ వైద్యం, చదువు మెరుగ్గా అందడం అందుకు కారణం కావచ్చని పరిశోధకులు భావించారు.

రెండోది ఫ్రాన్స్‌లో జరిగింది. చిన్నతనంలో నిర్లక్ష్యానికో, హింసకో గురై, నాలుగు నుంచి ఆరేళ్ల వయసులో దత్తతకు వెళ్లిన పిల్లలను మిషెల్ దుయీమ్ బృందం పరిశీలించి 1999లో ఫలితాలు ప్రచురించింది. దత్తతకు ముందు ఆ పిల్లలందరి ఐక్యూ 86 లోపే. కౌమారంలో మళ్లీ పరీక్షిస్తే, సాధారణ ఆదాయమున్న ఇళ్లకు వెళ్లినవారి సగటు సుమారు 8 పాయింట్లు, బాగా కలిగిన ఇళ్లకు వెళ్లినవారి సగటు 19 పాయింట్లకు పైగా పెరిగింది. జన్యువులు మారలేదు, ఇల్లు మారింది.

ఎండిన నేలలో ఏ విత్తనం గొప్పదో చెప్పలేం. అన్నిటికీ నీరందిన చేలోనే ఆ తేడా తెలుస్తుంది.

అండ ఉండాలి, సవాలూ ఉండాలి

ఇల్లు ముఖ్యమని తేలింది. ఆ ఇంట్లో ఏముండాలి? ఈ ప్రశ్నకు నాకు తెలిసినంతలో సూటిగా జవాబిచ్చిన పరిశోధన మిహాయ్ చీక్‌సెంట్‌మిహాయ్, ఆయన సహచరులు షికాగో ప్రాంతంలో చేసినది. గణితం, సైన్సు, సంగీతం, క్రీడలు, చిత్రకళల్లో ప్రతిభ చూపిన సుమారు 200 మంది హైస్కూలు విద్యార్థులకు పేజర్లు ఇచ్చారు. రోజులో ఎప్పుడుపడితే అప్పుడు పేజర్ మోగుతుంది. ఆ క్షణంలో ఏం చేస్తున్నారో, మనసు ఎలా ఉందో పిల్లలు రాసిపెట్టాలి. 1993లో వెలువడిన ఆ ఫలితాలు కుటుంబాలను రెండు ప్రశ్నలతో కొలిచాయి. ఇంట్లో పిల్లలకు అండ ఉందా? అంటే కష్టమొస్తే చెప్పుకోవడానికి మనిషి, నిలకడైన వాతావరణం ఉన్నాయా? రెండోది, ఇంట్లో సవాలు ఉందా? అంటే సొంతంగా ఆలోచించమని, కొత్తది ప్రయత్నించమని, బాధ్యత తీసుకోమని పెద్దలు ఆశిస్తున్నారా?

రెండూ ఉన్న ఇళ్ల పిల్లలు ఇంట్లో ఎక్కువ సంతోషంగా, చురుగ్గా ఉన్నారు. చదువుకు కూర్చున్నప్పుడూ వారిలో ఉత్సాహం ఎక్కువగా కనబడింది. అండ మాత్రమే ఉండి సవాలు లేకపోతే పిల్లలు హాయిగా ఉంటారు కానీ కష్టమైన పనికి పూనుకోవడం తగ్గుతుంది. సవాలు మాత్రమే ఉండి అండ లేకపోతే పని జరుగుతుంది కానీ ఆందోళన వెంటే ఉంటుంది. వీనర్ చిన్ననాటి పాఠాల గదిని ఈ కళ్లతో చూడండి. సవాలుకు లోటు లేదు. తప్పు దొర్లిన మరుక్షణం అండ మాయమయ్యేది.

బెంజమిన్ బ్లూమ్ బృందం 1985లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటువైపే చూపుతుంది. పియానో వాద్యకారులు, శిల్పులు, ఈతగాళ్లు, టెన్నిస్ క్రీడాకారులు, గణిత శాస్త్రవేత్తలు, నాడీ శాస్త్ర పరిశోధకులు కలిపి 120 మంది అగ్రశ్రేణి వ్యక్తులతో, వారి తల్లిదండ్రులతో మాట్లాడారు. వారిలో చాలామంది పసితనంలో అద్భుత బాలలేమీ కారు. తొలి గురువులు గొప్ప నిపుణులు కాకపోయినా, పిల్లలతో ప్రేమగా ఉండి, నేర్చుకోవడాన్ని ఆటలా మార్చినవారు. కఠిన శిక్షణ ఆ తర్వాత వచ్చింది. ముందు ఇష్టం కుదిరింది, తర్వాత క్రమశిక్షణ వచ్చింది. మన ఇళ్లలో తరచూ ఈ వరుస తలకిందులవుతుంది.

సవాలు అనగానే ఖరీదైన కోర్సులు గుర్తుకు రానక్కర్లేదు. 2018లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 36 మంది ఇళ్లలోని మాటలను రికార్డు చేసి, ఆ పిల్లలు కథలు వింటున్నప్పుడు మెదడును స్కాన్ చేశారు. మెదడులో భాషకు సంబంధించిన ఒక ప్రాంతం ఎంత చురుగ్గా పనిచేస్తుందన్నది పిల్లలు విన్న మాటల సంఖ్యతో ముడిపడలేదు. పెద్దలకూ పిల్లలకూ మధ్య మాట ఎన్నిసార్లు చేతులు మారిందన్నదానితో ముడిపడింది. కుటుంబ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆ సంబంధం నిలిచింది. చిన్న అధ్యయనమే అయినా ఇంట్లో అమలు చేయడానికి పైసా ఖర్చు లేనిది. పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పి వదిలేయకుండా, “నువ్వేమనుకుంటున్నావు?” అని తిరిగి అడగడమే.

పొగడ్త కూడా ఒక పాఠమే

“మా వాడు మహా తెలివైనవాడు.” బంధువుల ముందు మనం ముచ్చటగా అనే ఈ మాటను పరిశోధకులు పరీక్షకు పెట్టారు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అయిదో తరగతి పిల్లలకు కొన్ని పజిళ్లు ఇచ్చారు. బాగా చేశారని చెప్పి, కొందరిని తెలివికి మెచ్చుకున్నారు, కొందరిని కష్టపడినందుకు మెచ్చుకున్నారు. తర్వాత చాలా కఠినమైన పజిళ్లు ఇచ్చారు. అందరూ తడబడ్డారు. ఆ తర్వాత మళ్లీ మొదటి స్థాయి పజిళ్లే ఇచ్చారు. తెలివికి పొగడ్త అందుకున్నవారి ఫలితం మొదటికంటే తగ్గింది. శ్రమకు మెచ్చుకోలు అందుకున్నవారిది పెరిగింది. తమ మార్కులు వేరే పిల్లలకు రాసి చెప్పమంటే, తెలివికి పొగిడించుకున్నవారిలో పదిమందికి దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు.

దీని మీద తర్వాత వచ్చిన పెద్ద అధ్యయనాల్లో, ఆలోచనా ధోరణిని మార్చే పాఠాల వల్ల మార్కుల్లో వచ్చే ప్రయోజనం సగటున చిన్నదేనని తేలింది. కాబట్టి దీన్ని మంత్రంలా వాడకూడదు. కానీ తెలివైన పిల్లల విషయంలో ఇందులో ఒక హెచ్చరిక ఉంది. చిన్నప్పటినుంచి ఏదీ కష్టం కాని పిల్లవాడికి, మొదటిసారి కష్టం ఎదురైనప్పుడు ఏం చేయాలో తెలియదు. తెలివే తన గుర్తింపు అనుకున్న పిల్లవాడికి ఓటమి అంటే తానే లేకుండా పోవడం.

తొందర లేని వేగం

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 1975లో పుట్టిన టెరెన్స్ తావ్ రెండేళ్ల వయసులోనే టీవీలో పిల్లల కార్యక్రమం చూసి అంకెలు, అక్షరాలు పట్టేశాడు. తండ్రి పిల్లల వైద్యుడు, తల్లి భౌతికశాస్త్రం, గణితం బోధించిన ఉపాధ్యాయిని. మూడున్నరేళ్లకు బడిలో చేర్చారు. బుద్ధి సిద్ధంగా ఉన్నా, తరగతిలో కుదురుగా కూర్చునే వయసు పిల్లవాడికి రాలేదని కొద్ది వారాల్లోనే గ్రహించి, వెనక్కి తీసుకొచ్చారు. బడి ఒప్పుకుంటే ఎగిరి గంతేసే తల్లిదండ్రులున్న కాలంలో, అలా వెనక్కి రావడం చిన్న నిర్ణయం కాదు.

అయిదేళ్లకు మళ్లీ చేర్చినప్పుడు బడితో మాట్లాడి ఒక ఏర్పాటు చేసుకున్నారు. లెక్కలు పెద్ద తరగతిలో, మిగతావి వయసుకు దగ్గరి తరగతిలో. తావ్ 1986లో పదేళ్ల వయసులో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో కాంస్యం, మరుసటి ఏడాది రజతం, 1988లో స్వర్ణం గెలిచాడు. అప్పటికే విశ్వవిద్యాలయంలో పూర్తిగా చేరిపోయే సామర్థ్యం ఉన్నా తల్లిదండ్రులు రికార్డు కోసం పరిగెత్తించలేదు. 14వ ఏట చేర్పించారు. 2006లో తావ్‌కు గణితంలో అత్యున్నత పురస్కారమైన ఫీల్డ్స్ మెడల్ వచ్చింది.

అంటే పై తరగతికి పంపడం తప్పా? కాదు. ప్రతిభావంతులైన పిల్లలను 1970ల నుంచి గమనిస్తున్న ఒక అమెరికా అధ్యయనం, పై తరగతులకు వేగంగా వెళ్లినవారిని 50 ఏళ్ల వయసు వరకూ పరిశీలించింది. వేగం వల్ల వారి మానసిక ఆరోగ్యం దెబ్బతిన్న ఆనవాలు కనబడలేదు. పిల్ల సిద్ధంగా ఉండి, తనంతట తాను కోరుకుంటే వేగం హాని చేయదు. హాని చేసేది వేరొకరి గడియారం.

కాలేజీ ప్రయోగశాలలో పటిక స్ఫటికాలు పెంచినవారికి ఇది తెలుసు. వేడి ద్రావణాన్ని గబగబా చల్లారిస్తే చిన్నచిన్న పలుకులు కుప్పగా వస్తాయి. కదపకుండా నెమ్మదిగా చల్లారనిస్తే స్పష్టమైన అంచులతో పెద్ద స్ఫటికం పెరుగుతుంది. పదార్థం ఒకటే, పరిస్థితులే వేరు.

మన ఇళ్ల కథలు

కుంభకోణంలో శ్రీనివాస రామానుజన్ తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. ఇల్లు గడవడానికి కాలేజీ విద్యార్థులను ఇంట్లో ఉంచుకునేవారు. బాలుడైన రామానుజన్ వాళ్ల దగ్గర ఉన్న గణితమంతా పీల్చేసుకున్నాడు. వాళ్లు తెచ్చి ఇచ్చిన త్రికోణమితి పుస్తకాన్ని స్వయంగా ముగించాడు. పేదరికం వల్ల వచ్చిన అద్దె మనుషులే ఆ ఇంటి గ్రంథాలయం అయ్యారు. కానీ కాలేజీలో గణితం తప్ప మిగతా విషయాలు తప్పడంతో ఉపకార వేతనం పోయింది. 1905లో 17 ఏళ్ల రామానుజన్ ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం చేరాడు. ప్రపంచం గర్వించదగ్గ మేధస్సు, ఒక పరీక్ష తప్పానన్న అవమానంతో ఇల్లు వదిలి పారిపోయింది. ఆ సంగతి మనం తరచూ మరిచిపోతాం.

విశ్వనాథన్ ఆనంద్‌కు ఆరేళ్లకు చదరంగం నేర్పింది తల్లి సుశీల. తండ్రి ఉద్యోగరీత్యా ఫిలిప్పీన్స్‌లో ఉన్నప్పుడు, మధ్యాహ్నం టీవీలో చదరంగం పజిల్ వచ్చేది. ఆ వేళకు కొడుకు బడిలో ఉండేవాడు కాబట్టి తల్లి రాసిపెట్టేది. సాయంత్రం ఇద్దరూ కలిసి సాధించేవారు. సవాలు, అండ ఒకే కాగితం మీద ఎలా ఇమిడాయో చూడండి.

కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రి అశోకే తొలి గురువు. కూతురి ఆట కోసం ఆయన అధ్యాపక ఉద్యోగం వదులుకున్నారు. 2002లో 15 ఏళ్ల వయసులో హంపి గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. అప్పటిదాకా మహిళల్లో అతి చిన్న వయసు రికార్డు హంగరీకి చెందిన జూడిత్ పోల్గార్‌ది. తల్లి అయ్యాక కూడా 2019లో, 2024లో హంపి ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. ఇలాంటి కథలు విన్నప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉద్యోగాలు మానుకుని పిల్లల వెంట నిలిచినా, పిల్లలు పేరు తెచ్చుకోని ఇళ్ల కథలు మన దాకా రావు. గెలిచినవారిని మాత్రమే లెక్కపెట్టి సూత్రం రాస్తే అది తప్పుడు సూత్రమవుతుంది.

నేడు మన చుట్టూ పరిస్థితి ఏమిటి? ఆరో తరగతి నుంచే పోటీ పరీక్షల పునాది కోర్సులు. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో దేశంలో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతి మరణానికీ చదువే కారణమని చెప్పలేం. కానీ ఇంత పెద్ద సంఖ్యను చూసి పక్కకు తప్పుకోలేం. 16 ఏళ్ల లోపు పిల్లలను కోచింగ్ కేంద్రాల్లో చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా, ప్రత్యేక ప్రతిభ ఉన్న పిల్లలను గుర్తించి, బడిలోనే క్లబ్బులు, ప్రాజెక్టుల ద్వారా ప్రోత్సహించాలని చెప్పింది. గ్రామీణ ప్రతిభ కోసం 1980ల నుంచి నవోదయ విద్యాలయాలు ఉన్నాయి. వాటిలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకే. ఇంట్లో పుస్తకం లేని పిల్లకు బడే రెండో ఇల్లు కావాలి. లేకపోతే పరిసరాలు లేని కారణంగా ఎంత ప్రతిభ ఎండిపోతోందో మనకు తెలియను కూడా తెలియదు.

ఇంట్లో చేయగలిగినవి

పరిశోధనల నుంచి తల్లిదండ్రులు తీసుకోదగ్గ సంగతులు కొన్ని:

1. పిల్లల ఆసక్తిని వెంబడించండి, ముందు నడవకండి. చెప్పకుండానే ఏ పనికి కూర్చుంటున్నారో గమనించండి. ప్రతిభ జాడ అక్కడే తెలుస్తుంది.

2. చాలా తేలికైన పని మాత్రమే చేయనివ్వకండి. వారానికి ఒకటైనా, వెంటనే లొంగని లెక్కో, పాటో, యంత్రమో చేతికివ్వండి. తడబడుతున్నప్పుడు పక్కన ఉండండి, జవాబు మాత్రం చెప్పేయకండి.

3. మెచ్చుకునేటప్పుడు చేసిన పనిని మెచ్చుకోండి. “నువ్వు జీనియస్” అనేకంటే “రెండు దారులు మూసుకుపోయినా మూడోది వెతికావు” అన్నది ఎక్కువ పనికొస్తుంది.

4. వయసుకు తగ్గ ఆటలు, అల్లరి, నిద్ర పిల్లల హక్కులు. పెద్ద లెక్కలు చేసే పిల్ల అయినంత మాత్రాన పెద్దమనిషి కాదు.

5. ఆడపిల్లల్లో తెలివి కనబడినప్పుడు కూడా ఇంతే శ్రద్ధ పెట్టండి. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు కొలతలు వద్దు.

6. బడిలో విసుగు పుడుతోందంటే ముందు ఉపాధ్యాయులతో మాట్లాడండి. ఒక్క సబ్జెక్టులో ముందుకు వెళ్లడం, మిగతావాటిలో తన తరగతిలోనే ఉండటం మంచి మధ్యేమార్గం.

7. పిల్లల్లో నిద్ర, తిండి, మాట మారితే ‘పరీక్షలయ్యాక చూద్దాం’ అనుకోవద్దు. ప్రభుత్వ టెలీ మానస్ సహాయవాణి 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

గెలుపు ఎవరిది?

మొదట అడిగిన ప్రశ్నకు తిరిగి వద్దాం. ఏడేళ్ల పిల్లవాడు అయిదో తరగతి లెక్కలు చేస్తున్నాడు. ఏం చేయాలి? ఆరో తరగతి పుస్తకం తెచ్చిపెట్టండి, తప్పులేదు. కానీ అంతకన్నా ముందు ఒక పని చేయండి. వాడు లెక్క తప్పు చేసిన రోజున మీ ముఖం ఎలా మారుతోందో గమనించుకోండి. పిల్లలు ఆ ముఖాన్ని పుస్తకం కంటే ముందు చదువుతారు.

వీనర్‌కు తండ్రి ఇచ్చిన చదువులో ఎంతో ఉంది. ఎనిమిదేళ్ల వయసులో కళ్ల జబ్బు వల్ల డాక్టరు ఆరు నెలలు చదవొద్దంటే, తండ్రి నోటితోనే పాఠాలు చెప్పించాడు. ఆ ఆరు నెలల్లో లెక్కలను తలలోనే చేయడం అలవాటై, జీవితాంతం ఉపయోగపడిందని వీనర్ రాసుకున్నాడు. అంత ఇచ్చిన తండ్రి ఒక్కటి మాత్రం ఇవ్వలేకపోయాడు. ‘ఈ గెలుపు నీది, ఓడినా నువ్వు నా కొడుకువే’ అన్న మాట. ఆ లోటును పూడ్చుకోవడానికి కొడుక్కి 58 ఏళ్ల వయసులో ఒక పుస్తకం రాయవలసి వచ్చింది. మన పిల్లలకు ఆ మాట ఈ రాత్రే చెప్పవచ్చు.